నౌకా ఇతివృత్తంతో చేతి గ్రీటింగ్ కార్డులు: మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతం

పడవలు, ఓడలు, తెరచాపలు, లంగర్లు, దీపస్తంభాలు, అలలు, సంకేత జెండాల వంటి జలయాన చిహ్నాలను ఎంచుకుని కాగితంతో, అట్టతో, దారంతో, రంగులతో చేత్తో తయారుచేసే శుభాకాంక్షల కార్డులు ఈ కోవకు చెందుతాయి. హైదరాబాద్ ఉత్తర శివార్లలోని మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతంలో ఇది పరిశ్రమ కాదు. ఇళ్లలోను, బడులలోను, వసతి కళాశాలలలోను సాగే చేతిపని. ఇక్కడి నుంచి సముద్రం దాదాపు 300 కిలోమీటర్ల దూరం. భూమి సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంటుంది. అందుచేత ఇక్కడ కార్డు చేసేవారికి ఓడ ఎక్కువగా బొమ్మల్లోంచి వచ్చిన వస్తువే. ఆ బొమ్మలు చాలావరకు యూరపు తీరాలవి కావడంతో, తెలుగు నీళ్ల మీద తిరిగిన పడవలు కార్డుల మీద అరుదుగా కనిపిస్తాయి. ఈ పనికి కావలసిన చిహ్నాలు మాత్రం కృష్ణా, గోదావరి, కోరమండల్ తీరం, హుస్సేన్ సాగర్ చుట్టూ పుష్కలంగా ఉన్నాయి.

ప్రాంతం

2016 అక్టోబరు 11న రంగారెడ్డి జిల్లా నుంచి విడివడి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది. శామీర్‌పేట మండలం అంతాయిపల్లిలో కట్టిన సమీకృత కలెక్టరేటు 2022 ఆగస్టులో ప్రారంభమైంది. మేడ్చల్ నాగపూర్ వైపు వెళ్లే 44వ జాతీయ రహదారి మీద, శామీర్‌పేట కరీంనగర్ వైపు వెళ్లే రాజీవ్ రహదారి మీద ఉన్నాయి. 1998లో స్థాపితమైన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, 2008లో మొదలైన బిట్స్ పిలానీ హైదరాబాద్ ప్రాంగణం, తుర్కపల్లి పరిసరాల జీనోమ్ వ్యాలీ, హకీంపేట క్రీడా పాఠశాల ఈ చుట్టుపక్కలే ఉన్నాయి. ఏటా ఇన్ని వందలమంది పిల్లలు వచ్చి చేరి, చదువు ముగించుకుని వెళ్లే చోట వీడ్కోలు కార్డుకు పని ఎప్పుడూ ఉంటుంది. వీడ్కోలుకు ఓడ పాత చిహ్నం.

ఈ ప్రాంతపు నీరంతా చెరువు నీరే. రాజీవ్ రహదారి పక్కన కనిపించే శామీర్‌పేట పెద్ద చెరువు నిజాం కాలం నాటిది. కట్టమైసమ్మ గుడి, కట్ట వెంబడి చెట్లు, వేసవిలో వెనక్కి జరిగే నీటి అంచు, వానాకాలం చివర నిండే చెరువు, ఇవన్నీ కార్డు మీదికి నేరుగా తెచ్చుకోదగ్గ దృశ్యాలు. తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను. ఒంటి నిండా మచ్చలు, పొడవాటి వెన్ను రెక్క ఉన్న ఈ చేపను కత్తెరతో కత్తిరించడం సులువు. గుర్తుపట్టడమూ సులువే. కార్డుల మీద మామూలుగా కనిపించే డాల్ఫిన్ కన్నా ఇక్కడివారికి ఇదే దగ్గర.

అసలైన తెరచాప పడవను చూడాలనుకునే శామీర్‌పేటవాసికి తీరం దాకా ప్రయాణం అక్కరలేదు. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 1560లలో తవ్వించిన హుస్సేన్ సాగర్ మీద సైన్యానికి చెందిన ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్, యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ వంటి సంస్థలు పడవ పందేలు, శిక్షణ నిర్వహిస్తాయి. హైదరాబాద్ సెయిలింగ్ వీక్ పేరుతో జరిగే పోటీలలో లేజర్ రకం పడవలు బారులు తీరతాయి. పిల్లలు నేర్చుకునేది ఆప్టిమిస్ట్ అనే చిన్న పడవ మీద. అమెరికాలో క్లార్క్ మిల్స్ 1947లో రూపొందించిన ఈ పడవ పొడవు 2.36 మీటర్లు. ముక్కు కోసుగా కాక చదునుగా, పెట్టెలాగా ఉంటుంది. బ్రూస్ కిర్బీ గీసిన లేజర్ పొడవు 4.23 మీటర్లు. ఒకే తెరచాప కొయ్య, ఒకే తెరచాప. ఈ రెండింటిలో ఏది గీయాలన్నా నాలుగైదు గీతలు చాలు. చేతి కార్డుకు ఇంతకన్నా అనువైన నమూనా దొరకదు.

పుట్టుక, వ్యాప్తి

అచ్చయిన గ్రీటింగ్ కార్డు చరిత్రలో 1843 ముఖ్యమైన సంవత్సరం. లండన్‌లో హెన్రీ కోల్ తన మిత్రులకు పంపడానికి చిత్రకారుడు జాన్ కాల్కాట్ హార్స్లీ చేత క్రిస్మస్ కార్డు గీయించి అచ్చువేయించాడు. నౌకా చిహ్నాలు ఈ కళలోకి వచ్చిన దారులు వేరు. 19వ శతాబ్దంలో కరీబియన్ దీవి బార్బడోస్ నుంచి ఓడ సిబ్బంది ఇంటికి తెచ్చిన కానుకలలో చిన్న గవ్వలతో, శంఖులతో అష్టకోణపు పెట్టెల్లో కూర్చిన చిత్రాలు ఉండేవి. 20వ శతాబ్దపు తొలినాళ్ల పోస్టుకార్డుల మీద కలిసిన రెండు చేతులు, వాటి వెనక ఓడ బాగా కనిపించేవి. సముద్రం దాటి వలసపోయినవారికి, ఊళ్లో మిగిలినవారికి మధ్య అవి తిరిగాయి. ఇళ్లు విడిచి వెళ్లినవారి చేతి గుర్తుగా మొదలైన ఈ బొమ్మకు, ఇవాళ మేడ్చల్ జిల్లా ఇళ్ల నుంచి డాలస్‌కో మెల్‌బోర్న్‌కో వెళుతున్న పిల్లలకు ఇచ్చే కార్డుకు ఉద్దేశం ఒక్కటే.

భారతదేశంలో కార్డుల వ్యాపారాన్ని ఇంటింటికీ తెచ్చింది 1979లో ఢిల్లీలో మొదలైన ఆర్చీస్. యునిసెఫ్ కార్డులు అంతకుముందే వచ్చాయి. వాటిలో మొదటిదానికి 1949లో బొమ్మ ఇచ్చింది చెకోస్లొవేకియాకు చెందిన ఏడేళ్ల పాప యిట్కా సామ్కోవా. ఐటీసీ సంస్థ ఎక్స్‌ప్రెషన్స్ పేరుతో 2000లో ఈ రంగంలోకి అడుగుపెట్టింది. జనవరి ఒకటికి ముందు ఊరూరా ఫుట్‌పాత్‌ల మీద తాళ్లకు వేలాడదీసి కార్డులు అమ్మిన రోజులు తెలుగు పట్టణాల్లో చాలామందికి గుర్తే. సెల్‌ఫోన్ సందేశాలతో ఆ అమ్మకం పడిపోయింది. చేత్తో చేసిన కార్డుకు మాత్రం విలువ తగ్గలేదు, పెరిగింది కూడా. కొనడానికి ఏదైనా దొరికే కాలంలో, ఎదుటివారి కోసం ఒక సాయంత్రమంతా కూర్చుని చేసిన వస్తువు అరుదైపోయింది.

కాగితం

కార్డు బాగోగులు ముందు కాగితం మీద ఆధారపడతాయి. ఈ విషయంలో తెలంగాణకు పాత వారసత్వం ఉంది. పూర్వపు హైదరాబాద్ సంస్థానంలో దౌలతాబాద్ దగ్గరి కాగజీపురా చేతికాగితానికి ప్రసిద్ధి. మహబూబ్‌నగర్ ప్రాంతపు కోయిలకొండలోనూ చేతికాగితం తయారయ్యేది. యంత్రపు కాగితం కాలం వచ్చాక సిర్పూర్ పేపర్ మిల్లు చుట్టూ కాగజ్‌నగర్ పట్టణమే వెలసింది. గోదావరి ఒడ్డున భద్రాచలానికి ఎదురుగా ఉన్న సారపాకలో ఐటీసీ మిల్లు దళసరి పేపర్‌బోర్డు తయారుచేస్తుంది. పెట్టెలకు, పుస్తకాల అట్టలకు, కార్డులకు వాడేది ఈ రకం బోర్డే.

కాగితం మందాన్ని చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో చెప్పి కొలుస్తారు. వాడుకలో దీన్ని జీఎస్‌ఎం అంటారు. జిరాక్స్ కాగితం 70 నుంచి 80 జీఎస్‌ఎం ఉంటుంది. కార్డు ఒంటికి 250 నుంచి 300 కావాలి. అలలు, తెరచాపల వంటి అతికించే ముక్కలకు 120 నుంచి 160 సరిపోతుంది. లోపల రాత కోసం వేరే తెల్ల కాగితం అతికిస్తే రంగుల మరకలు అక్షరాలకు అడ్డుపడవు. ఏ4 కాగితం 210 × 297 మిల్లీమీటర్లు. దాన్ని ఒకసారి మడిస్తే ఏ5 కార్డు, సగం చేసి మడిస్తే 105 × 148 కొలతల ఏ6 కార్డు వస్తుంది. ఏ6 కార్డుకు 114 × 162 కొలతల కవరు సరిపోతుంది. కవరు ముందు చూసుకుని కార్డు కొలత తేల్చుకోవడం మంచిది. కార్డు అందంగా అయ్యాక దానికి తగ్గ కవరు కోసం వెతకడం పెద్ద శ్రమ.

దళసరి కాగితానికి నార ఒక దిశలో పరుచుకుని ఉంటుంది. ఆ దిశ వెంబడి మడిస్తే మడత నున్నగా వస్తుంది. అడ్డంగా మడిస్తే అంచు పగిలి, రంగు పొర లేచి, తెల్లని గీత బయటపడుతుంది. కాగితాన్ని రెండు వైపులా మెల్లగా వంచి చూస్తే ఏ వంపు తేలిగ్గా వస్తుందో ఆ మడత గీత వెంబడే నార దిశ ఉంటుంది. మడిచే ముందు స్టీలు స్కేలు ఆనించి, రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్నుతో గట్టిగా ఒక గీత గీయాలి. కాగితం తెగదు, గాడి పడుతుంది, మడత సరిగ్గా అక్కడే వస్తుంది.

కొత్త కాగితమే కావాలని లేదు. తెలుగు ఇళ్లలో పెళ్లిళ్ల కాలం ముగిసేసరికి శుభలేఖలు దొంతరగా పోగుపడతాయి. ముదురు ఎరుపు, నీలం, బంగారు పూత, దళసరి అట్ట, పట్టు రిబ్బను, ఇవన్నీ వాటిలోనే ఉంటాయి. పాత శుభలేఖ వెనక వైపు ఖాళీగా ఉంటే కార్డు ఒంటికే పనికొస్తుంది. బంగారు పూత ముక్కలు హంస ఆకారపు పడవకు, తెరచాప అంచుకు సరిపోతాయి. పాతబస్తీలో ఛత్తాబజార్ శుభలేఖల అచ్చుకు పేరున్న వీధి. అచ్చుపనిలో అంచులు కోయగా మిగిలే సన్నని పట్టీలు అలలు కత్తిరించడానికి కావలసినంత పొడవుంటాయి.

దక్కన్ వాతావరణం పనిమీద నేరుగా ప్రభావం చూపుతుంది. ఏప్రిల్, మే నెలల పొడి ఎండలో జిగురు పూసిన నిమిషంలోనే ఆరిపోయి, కాగితం ఒకవైపుకు చుట్టుకుపోతుంది. పూత పల్చగా ఉంచి, అతికించగానే బరువైన పుస్తకాల కింద రాత్రంతా పెట్టడం దీనికి విరుగుడు. జూలై, ఆగస్టులలో తేమ వల్ల నీటిరంగులు ఆరడానికి చాలా సేపు పడుతుంది. మైదా ఉడికించి చేసిన జిగురు చవక, కాగితానికి మెత్తన. కానీ పురుగు పడుతుంది. బైండింగ్ పనివారు అందులో కొద్దిగా మైలుతుత్తం కలుపుతారు. అది విషం గనుక పిల్లల చేతికి అందేలా ఉంచకూడదు. పిల్లలకు ఫెవికాల్ లేదా గ్లూ స్టిక్ చాలు.

పడవలు

తెలుగు నేలమీద ఓడ బొమ్మకు సుమారు 1,800 ఏళ్ల చరిత్ర ఉంది. క్రీ.శ. రెండో శతాబ్దం చివర పాలించిన సాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన సీసపు నాణేల మీద రెండు తెరచాప కొయ్యల ఓడ ఉంటుంది. అంగుళానికి అటూ ఇటూగా ఉండే లోహపు బిళ్ల మీద ఒళ్లు, కొయ్యలు, తాళ్లు అన్నీ ఇమిడ్చిన ఆ పనివాడు చిన్న చోటులో ఓడను ఎంత తక్కువ గీతలతో చూపవచ్చో నేర్పుతాడు. కార్డు మీద దీన్ని ఉబ్బెత్తుగా చేయవచ్చు. గుండ్రటి అట్ట మీద ఓడ ఆకారంలో దారం అతికించి, ఆరాక దానిమీద వంటింటి అల్యూమినియం రేకు పరిచి, దూదితో మెల్లగా ఒత్తితే దారపు గీతలు పైకి తేలతాయి. నల్ల బూటుపాలిష్ పూసి వెంటనే తుడిస్తే పల్లాలలో నలుపు నిలిచి పాత సీసపు రంగు వస్తుంది.

ఆ తర్వాతి కాలానికి కాకతీయ గణపతిదేవుడు 13వ శతాబ్దంలో సముద్ర వర్తకులకు అభయమిస్తూ వేయించిన మోటుపల్లి శాసనం గుర్తు. ఓడ మునిగి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే రాజు లాక్కోడని వర్తకులకు హామీ ఇచ్చిన శాసనమది. మచిలీపట్నంలో డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో వర్తక స్థావరాలు పెట్టారు. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి పాతకాలపు ఓడల నిర్మాణ కేంద్రం. 1839 తుపానులో అది దారుణంగా దెబ్బతింది. విశాఖపట్నంలోని సింధియా షిప్‌యార్డులో కట్టిన జల ఉష ఓడను 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూ జలప్రవేశం చేయించారు. స్వతంత్ర భారతంలో కట్టిన మొదటి పెద్ద ఆవిరి ఓడగా దానికి గుర్తింపు ఉంది. ఇవాళ విశాఖ రామకృష్ణా బీచిలో నిలిపి ఉంచిన కురుసుర జలాంతర్గామి 2002 నుంచి ప్రదర్శనశాల. 91 మీటర్ల ఆ నల్లని పొడుగు ఆకారాన్ని ఒకే ముక్కగా కత్తిరించి తెల్ల కార్డు మీద అతికిస్తే ఇంకే అలంకారమూ అక్కరలేదు.

కార్డుకు చక్కగా ఒదిగేవి మాత్రం ఓడలకన్నా నాటు పడవలే. కోరమండల్ తీరపు మసూలా పడవను మేకులు కొట్టకుండా, పలకలను కొబ్బరితాటితో కుట్టి కట్టేవారు. ఒడ్డున విరిగిపడే కెరటాల దెబ్బకు మేకులు కొట్టిన ఒళ్లు చీలిపోతుంది, కుట్టిన ఒళ్లు కాస్త వంగి నిలుస్తుంది. ఈ పడవను కార్డు మీద నిజంగానే కుట్టవచ్చు. గోధుమరంగు అట్టతో మూడు పలకలు కత్తిరించి, అంచుల వెంట అయిదేసి మిల్లీమీటర్ల దూరంలో ముందుగా సూదితో రంధ్రాలు పొడిచి, నారరంగు దారంతో ఏటవాలుగా కుట్టుకుంటూ పోవాలి. రంధ్రాలు ముందే పొడవకపోతే కాగితం చిరుగుతుంది. దారం వెనకవైపు ముడులు కనిపించకుండా మరో కాగితం అతికించాలి.

తీరంలో దుంగలు కట్టిన తెప్ప, గోదావరిలో గూటి పడవ, లాంచీ, రెండు పడవలు జోడించి పైన బల్లలు పరిచిన పంటు, ఇవన్నీ ఒక్కొక్కటి ఒక్కో ఆకారం. భద్రాచలం వెళ్లే లాంచీ మీద కథంతా నడిపిన బాపు సినిమా అందాల రాముడు 1973లో వచ్చినప్పటి నుంచి ఆ లాంచీ గోదావరి చూడనివారికీ పరిచితమే. తెలంగాణవారికి సొంతమైనది కృష్ణా నది పుట్టి. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, అడుగున పూర్వం తోలు, ఇప్పుడు తారు పూసిన పట్టా కప్పుతారు. పైనుంచి చూస్తే నిండు వృత్తం. మూడు మిల్లీమీటర్ల కాగితపు పట్టీలను ఒకదాని మీదుగా ఒకటి, కిందుగా ఒకటి పోనిస్తూ అల్లి, గుండ్రంగా కోసి, చుట్టూ అంచు పట్టీ అతికిస్తే పుట్టి సిద్ధం. ఒక తెడ్డు, రెండు నీటి వలయాలు చాలు. కార్డు కోసం ఇంత తేలిగ్గా, ఇంత అచ్చంగా వచ్చే పడవ మరొకటి కనిపించదు.

పండుగ కార్డులకు దేవుడి పడవలున్నాయి. ముక్కోటి ఏకాదశి ముందురోజు సాయంత్రం భద్రాచలంలో సీతారాములను హంస ఆకారపు తెప్ప మీద గోదావరిలో విహరింపజేస్తారు. విజయదశమికి విజయవాడలో కృష్ణా నది మీద దుర్గమ్మకు హంసవాహన తెప్పోత్సవం జరుపుతారు. కార్తీకం ముగిసిన మర్నాడు, పోలి పాడ్యమి నాటి తెల్లవారుజామున ఆడవారు అరటి దొప్పల్లో దీపాలు వెలిగించి నీళ్లలో వదులుతారు. నూతన సంవత్సర, దసరా, దీపావళి కార్డుల మీద వీటికి చోటివ్వడం ఎంతో సబబు. పిల్లల పుట్టినరోజుకైతే కాగితం పడవను మించింది లేదు. పది సెంటీమీటర్ల కాగితంతో మడిచిన చిన్న పడవను కార్డు మీదే నిలబెట్టి అతికించవచ్చు.

గాలి, నీరు, జెండా

నౌకా కార్డులలో ఎక్కువ తప్పులు దొర్లేది గాలి దగ్గర. గాలి వెనక నుంచి వీస్తున్నప్పుడు తెరచాప ముందుకు ఉబ్బుతుంది. ఆ గాలికే కొయ్య చివరి జెండా కూడా ముందుకే ఎగరాలి. చాలా బొమ్మల్లో తెరచాప ముందుకు, జెండా వెనక్కి పోతుంటాయి. ఒకే పడవ మీద రెండు ఎదురు గాలులు వీచవు. ఇంజను లాంచీ సంగతి వేరు. గాలి లేనప్పుడు అది ముందుకు పోయే వేగానికి జెండా, పొగ రెండూ వెనక్కే సాగుతాయి. గాలి పక్క నుంచి కొడితే పడవ అవతలి వైపుకు ఒరుగుతుంది. నడిపేవాడు గాలి వచ్చే వైపు అంచు మీద కూర్చుని తన బరువుతో దాన్ని నిలబెడతాడు. హుస్సేన్ సాగర్ మీది లేజర్ పడవలను కాసేపు గమనిస్తే ఇదంతా కళ్లకు కడుతుంది. కార్డు మీద తెరచాపను ఒక పక్కకు, మనిషిని ఎదురు పక్కకు వాల్చిన మరుక్షణం బొమ్మకు కదలిక వస్తుంది.

పడవ నీటి మీద అతికించినట్టు కాక నీటిలో కూర్చున్నట్టు కనిపించాలంటే ఒక అల పట్టీ దాని ఒంటిలో మూడోవంతును కప్పాలి. వెనక ఒక పట్టీ, మధ్య పడవ, ముందు మరో పట్టీ ఉంటే చాలు. ముందు పట్టీని ఫోమ్ టేపు ముక్కల మీద ఎత్తుగా అతికిస్తే దాని నీడ పడి లోతు వస్తుంది. నురగ కోసం తెల్లరంగు పూయనక్కరలేదు. ఒకవైపు మాత్రమే రంగు అచ్చయిన, లోపల తెల్లగా ఉండే కాగితాన్ని రంగు వైపు పైకి పెట్టి, ఒక చేతి ముక్కను మనవైపు లాగుతూ చించితే ఒక అంచున రంగు పొర లేచి తెల్లని పీచు బయటపడుతుంది. కత్తెర ఇవ్వలేని నురగ అది. నీటిరంగు తడిగా ఉండగా నాలుగు కల్లుప్పు గింజలు చల్లి, ఆరాక దులిపితే, గింజ పడ్డచోటల్లా నీరు పీల్చుకుని లేతమచ్చలు ఏర్పడతాయి. ఎండలో మెరిసే నీటికి అది బాగా నప్పుతుంది. అడ్డంగా సగానికి కోసిన ఉల్లిపాయను రంగులో ముంచి అద్దితే ఒకదాని చుట్టూ ఒకటిగా నీటి వలయాలు వస్తాయి. పిల్లలకు ఇష్టమైన పద్ధతి.

నౌకా ఇతివృత్తానికి ముదురు నీలం, తెలుపు, ఎరుపు అని ఒక రంగుల జట్టు స్థిరపడిపోయింది. ముదురు నీలం బ్రిటిష్ నౌకాదళ అధికారులకు 1748లో వచ్చిన దుస్తుల రంగు. దానికీ కోరమండల్ తీరం ఎగుమతి చేసిన నీలిమందుకూ మధ్య బంధుత్వం ఉంది గనుక ఆ నీలం తెలుగువారికి పరాయిది కాదు. అయితే అన్ని నీళ్లూ నీలంగా ఉండవు. వరద గోదావరి ఎర్రమట్టి రంగు, శామీర్‌పేట చెరువు ఆకుపచ్చ కలిసిన బూడిదరంగు, నదీముఖాల దగ్గర బంగాళాఖాతం బురదపసుపు. చూసిన నీటి రంగు వేసిన కార్డుకు ఉండే సత్తువ అంగడి నీలానికి రాదు. చేర్యాల నకాషీ పటాల ఎర్రని నేపథ్యం మీద తెల్ల పడవ పెట్టినా బ్రహ్మాండంగా ఉంటుంది. శామీర్‌పేట నుంచి రాజీవ్ రహదారి వెంట సిద్దిపేట వైపు సాగి, పక్కకు తిరిగితే వచ్చే ఊరు చేర్యాల.

రాత్రి దృశ్యంలో ఓడ దీపాలకు నియమం ఉంది. ఓడలో నిలబడి ముందుకు చూసేవాడికి ఎడమపక్క ఎరుపు, కుడిపక్క ఆకుపచ్చ. ఓడ మనవైపు వస్తున్నట్టు గీస్తే ఎరుపు మనకు కుడిపక్కన పడుతుంది. దీపస్తంభం మీది అడ్డచారలు పగటిపూట దూరం నుంచి గుర్తుపట్టడానికి వేసినవి. యుద్ధనౌక గీసేవారు భారత నౌకాదళ జెండాలో 2022 సెప్టెంబరు 2 నుంచి పాత ఎర్రశిలువ లేదని గుర్తుంచుకోవాలి. జాతీయ జెండాను అలంకారపు చారగా, చించిన ముక్కగా వాడడం తగదు.

సంకేత జెండాలు ఈ కళకు దొరికిన గొప్ప వనరు. అంతర్జాతీయ సంకేత వ్యవస్థలో ఇంగ్లీషు అక్షరాలకు 26, అంకెలకు 10, ఇవి కాక మరికొన్ని జెండాలు ఉన్నాయి. పేరులోని పొడి అక్షరాలను జెండాలతో రాయవచ్చు. యూ, డబ్ల్యూ జెండాలను జంటగా ఎగరేస్తే ‘మీ ప్రయాణం సుఖంగా సాగాలి’ అని ఒక ఓడ మరో ఓడకు చెప్పినట్టు. యూ జెండా నాలుగు గళ్లు: పైవరసలో ఎరుపు, తెలుపు, కింది వరసలో తెలుపు, ఎరుపు. డబ్ల్యూ జెండాకు బయట నీలం అంచు, లోపల తెలుపు, నడుమ ఎర్రని చతురస్రం. అయిదు నిమిషాల్లో కత్తిరించగలిగిన ఈ రెండు జెండాలను ఒక దారానికి గుచ్చి, లోపల ‘క్షేమంగా వెళ్లి లాభంగా రండి’ అని రాస్తే విదేశాలకు చదువుకు వెళ్లేవారికి ఇవ్వదగ్గ కార్డు తయారవుతుంది.

తాళ్ల అల్లికకు కూడా పొరుగు నమూనాల అవసరం లేదు. మెలికల ముగ్గులో చుక్కల చుట్టూ ఒకే గీత తెగకుండా పైకీ కిందికీ తిరుగుతుంది. తెల్లని దళసరి నూలుతాడును ఆ గీత వెంబడి అతికించి, ఒకసారి మీదుగా, ఒకసారి కిందుగా పోనిస్తే ఓడ తాళ్ల అల్లిక వంటి అంచు వస్తుంది. వాకిట్లో ముగ్గు వేసే చేతికి ఇది వేరే నేర్పనక్కరలేదు.

లేచి నిలిచే కార్డు

తెరవగానే పడవ లేచే కార్డు అందరికీ ఇష్టం. జపాన్‌లో మసాహిరో చతానీ 1980ల ప్రారంభంలో కాగితాన్ని కోసి, మడిచి కట్టడాలు నిలిపే పద్ధతికి ప్రాచుర్యం తెచ్చాడు. పడవకు అందులోని అతి సులువైన మెట్టు పద్ధతి సరిపోతుంది. 148 × 210 కొలతల కాగితాన్ని మడిస్తే ఒక్కో పలక 105 మిల్లీమీటర్ల ఎత్తు. మడత మీద, మడతకు అటు 30, ఇటు 30 మిల్లీమీటర్లు పోయేలా రెండు సమాంతర కోతలు కోసి, మధ్య పట్టీని లోపలికి తోస్తే కార్డును లంబంగా తెరిచినప్పుడు ఒక మెట్టు లేస్తుంది. మెట్టు ముందు ముఖానికి పడవను అతికించాలి. ఇక్కడ లెక్క తప్పకూడదు. మెట్టు లోతు, పడవ ఎత్తు కలిపి పలక ఎత్తుకు మించితే కార్డు మూసినప్పుడు కొయ్య చివర బయటికి పొడుచుకొస్తుంది. మెట్టు 30 అయితే పడవ 70 లోపు ఉండాలి. మొత్తం 100, పలక 105, అంచున 5 మిగులు. కోతలు బయటికి కనిపించకుండా వెనక మరో దళసరి కాగితం అతికించాలి. మెట్టు పట్టీ వెనక మాత్రం జిగురు తగలకూడదు, తగిలితే మెట్టు లేవదు.

రాత, పంపడం, జాగ్రత్తలు

తెలుగు అక్షరాల గుండ్రతనం అలకు, తెరచాపకు సహజంగా కలుస్తుంది. నరసాపురంలో పుట్టిన బాపు చేతిరాత కంప్యూటరు అక్షరాలుగా కూడా వ్యాపించింది. అయినా కార్డులో సొంత చేతిరాతే ఉండాలి. ముందు పెన్సిలుతో లేత గీత గీసుకుని, ఒత్తులకు, గుడులకు చోటు వదిలి రాస్తే వరసలు ఒకదానికొకటి తగలవు. ఏప్రిల్ 5 జాతీయ నౌకాయాన దినం, డిసెంబరు 4 నౌకాదళ దినం. నౌకాదళంలోను, వర్తక నౌకలలోను పనిచేసే బంధువులకు ఆ రోజుల్లో కార్డు అందితే ఎంతో సంతోషిస్తారు.

తపాలాలో పంపేటప్పుడు బరువు 20 గ్రాముల మెట్ల లెక్కన చూస్తారు. తాడు, గవ్వ, గుండీ అతికించిన ఉబ్బెత్తు కార్డు ముద్ర పడేచోట నలిగి చిరుగుతుంది. దానికి పైన ఒక అట్ట ముక్క పెట్టి, పెద్ద కవరులో పంపాలి. అసలు గవ్వల విషయంలో మరో జాగ్రత్త కావాలి. కొన్ని శంఖులు, నాటిలస్, సముద్రపు గుర్రం, సీ ఫ్యాన్ వంటివి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. తీరపు దుకాణాలలో దొరికినా కొనకూడదు. కాగితపు పట్టీని బిగుతుగా చుట్టి, ఒక చివర మెల్లగా బయటికి నెడితే మెలిక తిరిగిన శంఖు ఆకారం వస్తుంది. లోపల పల్చగా జిగురు పూస్తే అది అలాగే నిలుస్తుంది. బరువు లేనిది, నలిగినా మళ్లీ చుట్టుకోగలిగినది, ఏ ప్రాణినీ నీటిలోంచి తీయనిది.